వెనక గేరులో అనకాపల్లికి

మా బావ కారు నడిపేటప్పుడు ఎడమ చెయ్యి గేరు రాడ్డు మీంచి తీసేవాడు కాదు. పంతొమ్మిదివందల యాభైల్లో విశాఖపట్నం వెళ్లి పాత కారొకటి కొన్నాడు. చెయ్యి వదిలితే గేరు జారిపోయేది. ఆ రకం కారు కొన్నవాళ్లందరిదీ అదే గొడవట. చోడవరంలో ఎవరైనా అమ్మెయ్యమంటే, "నా సెయ్యుంది కదేటి" అని నవ్వేవాడు.

నెలలు నిండకుండానే అక్కకు రక్తం పోవడం మొదలైంది. అనకాపల్లి ఆసుపత్రికి బయల్దేరాం. సగం దారిలో గేర్లన్నీ పోయి, వెనక్కి నడిచే గేరు ఒక్కటే మిగిలింది. బావ కారును వెనక్కే గుండ్రంగా తిప్పి, వెనక భాగం అనకాపల్లి వైపు పెట్టి, మెడ తిప్పి చూస్తూ అలాగే నడిపాడు. అక్క తల నా ఒళ్లో ఉంది. నేను వెనకద్దంలోంచి దారి చూస్తూ, చెరుకు బళ్లవాళ్లను తప్పుకోమని అరుస్తున్నాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నాడి చూసి, ప్రాణం దారిలోనే పోయిందంది. నేను వరండాలోకి వచ్చి కూర్చున్నాను. బావ నా పక్కన కూర్చున్నాడు.

"నాకు తెలుసే గుంటా. నువ్వా బళ్లోళ్ల మీద అరుస్తన్నప్పుడే ఊపిరాగిపోనాది. నాను దాని మొగమే సూస్తన్నాను. కారాపితే నీకు సెప్పాల కదా. సెప్పలేక నడిపేసేను."