పక్కింటి అన్న ఆటో

బోధన్‌లో మా పక్కింటాయన్ని నేను అన్న అనే పిలిచేదాన్ని. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయన ఆటో కొనుక్కుని, ఉదయం, సాయంత్రం బడిపిల్లల్ని తిప్పేవాడు. మా బాపుకు పక్షవాతం వచ్చినప్పుడు నిజామాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్లి, వార్డు దాకా వీపున మోసింది ఆయనే. మా అమ్మాయి కూడా ఆ ఆటోలోనే బడికి వెళ్లేది.

ఒక ఆదివారం వాళ్లు చర్చి నుంచి వచ్చిన కాసేపటికి ఆయన భార్య, మా వదినె, కేక వేసింది. పరుగెత్తాను. అన్న వాకిట్లో పడి కొట్టుకుంటున్నాడు, నోట్లోంచి నురగ. నేను అంగన్‌వాడీ టీచర్ని, ఫిట్స్ అని తెలిసింది. పక్కకు తిప్పి పడుకోబెట్టాను. తేరుకోగానే ఆయన అన్న మొదటి మాట, "చెల్లె, ఎవ్వల్తోని చెప్పకు."

"ఇది ఎన్నోసారి అన్నా?"

వదినె మూడు వేళ్లు చూపించింది.

మర్నాడు అమ్మాయికి జ్వరమని చెప్పి ఆటో ఎక్కనివ్వలేదు. మంగళవారం నేనే నడిపించుకుంటూ బడికి తీసుకెళ్లాను. గేటు దగ్గర అన్న ఆటో ఆగింది. ఏడుగురు పిల్లలు సంచులతో ఒకరినొకరు తోసుకుంటూ దిగారు. నా బిడ్డ ఒక్కతే అందులో లేదు. నాకు సిగ్గేసింది.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. "అన్నా, పెద్ద డాక్టర్‌కు చూపిచ్చుకుందాం. అప్పటిదాంక బండి బంద్ చెయ్యి. లేకుంటె నేను బళ్లె చెప్పాల్సొస్తది."

"గోలీలు తెచ్చుకున్న, ఏం గాదు. బండి ఇడిస్తె నాకేం పనొస్తది?"

"శుక్రవారం దాంక సూస్త."

"నువ్వు చెప్పవు. నాకు ఎర్కె," అని నవ్వాడు.

శుక్రవారం కూడా ఆటో నిండా పిల్లలే. వేరే ఊరి ఫ్యాక్టరీకి పోయే చెరకు ట్రాక్టర్ల పక్కనుంచి తప్పించుకుని పోతుంటే చూస్తూ నిలబడ్డాను. ఆ మధ్యాహ్నమే వెళ్లి బడి పెద్ద టీచరమ్మకు చెప్పాను. శుక్రవారం దాకా ఎందుకు ఆగానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

సోమవారం ఆటో కదలలేదు. వదినె మా గుమ్మం దగ్గరికొచ్చింది.

"మీ బాపును మోసినోడు. యాదికున్నదా?"

"ఉన్నది వదినె," అన్నాను.

ఏడాదిన్నర మాటల్లేవు. చెత్తబండి వచ్చినప్పుడు ఎదురుపడినా వదినె ముఖం తిప్పుకునేది. అన్న ఒక విత్తనాల దుకాణంలో కుదిరాడు. నిజామాబాద్‌లో చూపించుకుని మందులు వాడాడు. నాకు తెలిసినంత వరకు మళ్లీ పడలేదు. నేను చెప్పకపోయినా ఏమీ అయ్యేది కాదేమో. ఆ మాట కాదనడానికి నా దగ్గర రుజువేమీ లేదు. మళ్లీ అదే పరిస్థితి వస్తే, మొదటి రోజే చెప్తాను.

నిరుడు వాళ్ల మనవరాలిని అంగన్‌వాడీలో వేశారు. వదినే తీసుకొచ్చింది. "జర సూడు. కొత్తోళ్లను సూస్తె ఏడుస్తది," అంది. పిల్లను ఎత్తుకున్నాను. నెల రోజులు ఏడ్చింది, తర్వాత అలవాటుపడింది.

ఇప్పుడు అన్నే రోజూ దించి వెళ్తాడు. ఎండల గురించో, నల్లా నీళ్ల గురించో రెండు మాటలు మాట్లాడుకుంటాం. ఆటో సంగతి ఇద్దరం ఎత్తం.