మామ ఫోన్లో అంగడి తలుపు

తమిళనాడులో గుడియాత్తం బజారులో మాది లుంగీల అంగడి. దాని టేకు తలుపుకు ఒక పాత తాళం, ఆ తాళంచెవి మా మామగారి మొలతాటికి. తలుపు తీసేది మామ ఒక్కరే. ఆయన చేతికి కైరాశి, అదే హస్తవాసి, ఉందని, ఆయన తీస్తేనే బోణీ బాగుంటుందని ఇంటిల్లిపాదికీ నమ్మకం. మా అత్తగారు ఆ ఇంటి కోడలిగా వచ్చి తల నెరిసింది గానీ, ఏ పొద్దునా ఆ తలుపు మీద చెయ్యి వేయలేదు. మధ్యాహ్నం క్యారియర్ తెచ్చి గడప బయటే ఇచ్చి వెళ్ళిపోయేది. నేనేమో పలమనేరులో మా నాన్న బట్టల అంగడిలో మూటల మీద కూర్చుని ఎక్కాలు నేర్చుకున్నదాన్ని. ఇక్కడ గడప బయట నిలబడాల్సి వస్తే నాకు ఒళ్ళు మండేది. ఒక్కసారైనా ఆ తలుపు నా చేత్తో తీయాలని ఉండేది. అత్తలాగే నాకూ తల నెరిసిపోతుందేమోనని భయమూ ఉండేది.

మామ ఏ పెళ్ళికో కే.వి.కుప్పం వెళ్తే ఆ రోజు అంగడి మూతే. అది చూడలేక ఫోనుతో తెరుచుకునే తాళం ఒకటి తెచ్చాడు మా ఆయన. చిన్న అంగళ్ళ కోసం వచ్చిన చవక రకం. కావలసినవాళ్ళ ఫోనుకు తలుపు ఇవ్వొచ్చు, అంటే వాళ్ళ ఫోనుతోనూ అది తెరుచుకుంటుంది. కానీ ఇచ్చే హక్కు మామ ఫోనుకే పెట్టాడు. మామ ఇచ్చింది కూడా కొడుక్కి మాత్రమే.

బిగించేటప్పుడు ఏ భాష కావాలని అది ఫోన్లో అడిగింది. "మనం తెలుగోళ్ళం గదప్పా, తెలుగే పెట్టు" అన్నారు మామ రొమ్ము విరుచుకుని. మా ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగే, నేను తప్ప అందరూ చదివేది మాత్రం తమిళం. మర్నాడు మామ తలుపు ముందు నిలబడి ఆ గుండ్రటి అక్షరాలను చూస్తూ ఉండిపోయారు. కొడుకు కూడా తల గోక్కున్నాడు. చివరికి నన్ను పిలిపించారు. పరుగున వెళ్ళి, మామ భుజం పక్కనుంచి తొంగి చూసి "తాళం తెరవండి" అని చదివాను. వేలు పెట్టింది మాత్రం ఆయనే.

"తమిళంలోకి మార్చేస్తా నాయనా" అన్నాడు మా ఆయన.

"ఎందుకప్పా? చదివేదానికి ఇంట్లో మనిషి ఉండాది గదా" అన్నారు మామ.

పెళ్ళయినప్పటినుంచీ నా తెలుగు చదువు ఆ ఇంట్లో పప్పు డబ్బాల మీది చీటీలకు కూడా పనికిరాలేదు. ఇంటికొచ్చి వంటింట్లో ఆ మాట తలుచుకుని నాలో నేనే నవ్వుకున్నాను. తలుపు మాత్రం నా ఫోనుకు రాలేదు.

ఈ ఏడు వేలూరులో మామకు మోకాలి ఆపరేషన్ అయింది. అంతా బాగుందని తెలిశాక మా ఆయన సరుకు కోసం ఈరోడ్ వెళ్ళాడు. అత్తా నేనూ ఆసుపత్రిలో మామ దగ్గర ఉన్నాం. ఆ సాయంత్రం, వారం వారం మాకు లుంగీలు నేసి తెచ్చే నేతవాళ్ళలో పెద్దాయన ఒకరు ఫోన్ చేశారు. "రేపు శుక్రవారం గదా, లుంగీలు ఎత్తుకొస్తా ఉండాము. అంగడి తీస్తారా అన్నా?" మూసి ఉంటే ఆ మూటలన్నీ మళ్ళీ ఇళ్ళకు మోసుకుపోవాలి.

"సరి, రాండి. తీస్తాము" అన్నారు మామ. ఎవరు తీస్తారో చెప్పలేదు.

ఆయన తలగడ కింద నుంచి ఫోన్ తీసి, కాసేపు ఏవేవో నొక్కి, నా ముందు పెట్టారు. "ఇదేందో అడగతా ఉండాది. చదువమ్మా."

"తలుపు ఎవరికి ఇవ్వాలి?" అని చదివాను.

"నీకేనమ్మా. ఇంగెవురుండారు?"

అంత మామూలుగా అనేశారు. నా నంబరు కొట్టాను. ఎంతకాలం అని అడిగి, ఫోన్ మూడు వరసలు చూపించింది. "ఒక రోజు" అని చదివాను. "ఒక వారం" అని చదివాను. మూడోది నోట్లోనే ఆగిపోయింది. చదివితే నేనే అడిగినట్టు ఉంటుంది. చదవకపోతే దాచినట్టు ఉంటుంది. ఆయనకు ఆ అక్షరాలు రావు కాబట్టి నేను దేనిమీద వేలు పెట్టినా చెల్లిపోతుంది. అది మరీ ఇబ్బంది.

"కింద ఇంగొకటి ఉండాదే" అన్నారు మామ.

"ఎప్పటికీ అని ఉంది మామా."

ఆయన బత్తాయి ఒలుస్తున్న అత్త వైపు తిరిగి "ఏమంటావు?" అని అడిగారు.

"ఇన్నేండ్లూ ల్యాంది ఇప్పుడెందుకు నన్నడిగేది?" అంది అత్త, తల ఎత్తకుండానే. కోపంగా అనలేదు. అందుకే వినడానికి కష్టమనిపించింది.

మామ నా చేతిలోని ఫోన్ మీదికి వంగి, "ఇదేనా?" అని అడిగి, మూడో వరస మీద వేలు పెట్టారు. నాకు కళ్ళు నిండాయి. అత్త ఒక బత్తాయి తొన తీసి నా చేతిలో పెట్టింది.

పొద్దున్నే వేలూరులో ఉండే మా ఆడపడుచు వచ్చి వాళ్ళ నాన్న దగ్గర కూర్చుంది. అత్తా నేనూ కాట్పాడిలో రైలెక్కి గుడియాత్తం వచ్చాం. నేతవాళ్ళు అప్పటికే అంగడి ముందు మూటలు దించుకుని ఉన్నారు. అత్త అలవాటుగా మెట్టు కిందే ఆగిపోయింది. నేను ఫోన్ తీశాను. ఎన్నాళ్ళుగానో కోరుకున్న పని, తీరా చేతికి వచ్చాక ఒక్కదాన్నే చేయబుద్ధి కాలేదు. వెనక్కి వచ్చి ఫోన్ అత్త చేతిలో పెట్టాను.

"నా చేతికి రాశి ల్యాదంటారు గదమ్మా" అంది మెల్లగా.

"ఎవరన్నారత్తా?"

అత్త ఆలోచించింది. "ఎవురూ అనల్యా" అంది. "ఎవురూ ఇయ్యల్యా, అంతే."

పైట కొంగుతో వేలు తుడుచుకుని నేను చూపించినచోట నొక్కింది. తాళం టక్కుమంది. నేను తలుపు తోయబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండు, నేనే తోస్తా" అని, రెండు రెక్కలూ తానే తోసింది.