రాగి తీగతో కట్టిన బోల్టులు

చిన్నకోడూరు నుంచి ఒకతను నిన్న పొద్దున పాత కోత మిషను తెచ్చి బల్ల మీద పెట్టాడు. చెట్లు కోసే చైను రంపాన్ని ఇక్కడ అందరూ కోత మిషను అనే అంటారు. వాళ్ల మామ కాలం నాటిదట, ఏళ్లుగా పశువుల కొట్టంలో పడి ఉందట. పక్క మూత విప్పితే లోపల నూనెతో కలిసి గడ్డకట్టిన పొట్టు కనిపించింది. స్క్రూడ్రైవరుతో గీకితే పొడి లేచింది. వాసన కంటే ముందు గొంతులో చేదు తగిలింది. వేప. ఈ మిషను చివరగా కోసింది వేపచెట్టును. పొట్టును బట్టి చెట్టు పేరు చెప్పడం నాకు ఖలీల్ సాబ్ నేర్పారు. నా భర్త మల్లేశం చనిపోయింది కూడా వేపచెట్టు కోస్తూనే. ఆ చేదు తగిలితే ఇద్దరూ కలిసే గుర్తుకొస్తారు. ఒకరిని తలచుకుని మరొకరిని పక్కన పెట్టడం ఇన్నేళ్లలో నాకు చేతకాలేదు.

మెదక్ రోడ్డు మీది ఈ దుకాణం ఖలీల్ సాబ్‌ది. కొత్త మిషన్లు ఎవరైనా బాగుచేస్తారు. పాతవి, పేరు చెరిగిపోయినవి, కంపెనీలే మూతపడినవి ఆయన దగ్గరికే వచ్చేవి. అడవి డిపోల వేలంలో తుక్కు కింద కొని తెచ్చి, వాటికి మళ్లీ ప్రాణం పోసి, కొన్ని అమ్మేవారు, కొన్ని కోత పనివాళ్లకు కిరాయికి ఇచ్చేవారు. గొంతు పెద్దది. గర్వం కూడా పెద్దదే. "ఇంజను పాతదైతది గని ముసలిదైతదా?" అని, తాడు లాగి స్టార్టు చేసి, వచ్చినవాళ్ల మొహాల్లోకి చూసేవారు. పొగడ్త వచ్చేదాకా ఇంజను ఆపేవారు కాదు.

ఆ పాత మిషన్లకు ముందు పిడి దగ్గర అడ్డు ఉండదు. బ్లేడు కొన కొమ్మకు తగిలితే మిషను ఎగిరి తంతుంది. పిడి పట్టుకున్న ఎడమచేయి జారితే నేరుగా చైను మీద పడుతుంది. అందుకని ఖలీల్ సాబ్ ప్రతి పాత మిషనుకూ ఇనుప రేకుతో గార్డు చేసి, పిడి ముందు రెండు బోల్టులతో బిగించేవారు. అది లేకుండా మిషను గడప దాటనివ్వరని పేరు. పనివాళ్లకు ఆ గార్డంటే గిట్టదు. తుమ్మకొమ్మల్లో చిక్కుకుంటుందని పొలంలోనే సుత్తితో కొట్టి ఊడగొట్టేవాళ్లు.

మల్లేశం ఎప్పుడూ ఆయన దగ్గర కిరాయికి తీసుకునే మిషనుతోనే అక్కన్నపేట దగ్గర ఒక పొలం గట్టు మీది వేపను కోస్తున్నాడు. మిషను తన్నింది. చేయి చైను మీద పడింది. మణికట్టు తెగి, దవాఖాన చేరేలోపే ప్రాణం పోయింది. మిషనుకు గార్డు లేదు. అందరూ ఒకే మాట అన్నారు: మల్లేశమే ఊడగొట్టి ఉంటాడు, చేతులారా చేసుకున్నాడు. మా అత్త కూడా అదే నమ్మింది. రోజూ దీపం పెట్టేటప్పుడు కొడుకు ఫోటోను తిట్టేది. "అడ్డం తియ్యకురా అంటే ఇన్నవా? తీస్తివి. పోతివి. మమ్ముల నడిబజార్ల నిలవెడ్తివి." వంటింట్లో నేను వింటూ ఉండేదాన్ని. నాకూ అతని మీద కోపమే. చనిపోయిన మనిషి మీద కోపం ఎక్కడికీ పోదు, మన దగ్గరే తిని మన దగ్గరే పడుకుంటుంది.

దినాలు అయిపోయాక ఖలీల్ సాబ్ మా ఇంటికి వచ్చారు. లోపలికి రాలేదు, అరుగు మీద కూర్చున్నారు. ఇచ్చిన చాయ్ ముట్టలేదు.

"దుకాణంల కూసోనీకి నమ్మకమైన మనిషి కావాలె బిడ్డా. సదువుకున్నవు గదా. రా."

"నాకు మిషన్ల గురించి ఏం తెల్సు సాబ్?"

"నాకు మాత్రం పుట్టంగనే తెల్సా?"

ఆయన వెళ్లాక అత్త కళ్లు తుడుచుకుంది. "మనిషంటే గాయన," అన్నది.

సామాన్లు ఇచ్చే బల్ల దగ్గర కూర్చోవడానికి వెళ్లిన నాకు నెల తిరగకముందే చేతికి పానా ఇచ్చారు. మొదటి పరీక్ష నాకింకా గుర్తుంది. పేరు పలక ఊడిపోయిన మిషనును ముందు పెట్టి, "గిది యాడిదో చెప్పు," అన్నారు.

"దీని మీద ఏం రాసి లేదు గద సాబ్."

"రాసి ఉంటే నువ్వెందుకు, నేనెందుకు? పోస్ట్‌మ్యాన్ చెప్తడు."

తర్వాత ఒక్కొక్కటే చూపించారు. అంగుళాల పానా పట్టితే అమెరికాది, మిల్లీమీటర్ల పానా పట్టితే జర్మనీదో స్వీడన్‌దో. ఎవరెన్నిసార్లు రంగు వేసినా అసలు రంగు గాలి మూత కింద ఓ మూల మిగిలే ఉంటుంది. అక్కడ గోకాలి. ఒంటి చేత్తో లేపి బరువు చూడాలి. పార్టుల కోసం హైదరాబాదు తుక్కు దుకాణాలకు బస్సులో తీసుకెళ్లేవారు. కార్బొరేటరు కోసం కుప్పలు తిరగేసేవాళ్లం. దొరకని పిస్టన్ రింగుకు ఏ పాత మోపెడు రింగునో ఆకురాయితో అరగదీసి సరిపెట్టేవాళ్లం. అక్కడొక వ్యాపారి నన్ను చూసి నవ్వాడు. "ఏం సాబ్, కొత్త అసిస్టెంటా?" అన్నాడు. ఈయన తలెత్తకుండానే, "కాదు. నా కండ్లు. నావి పని జేస్తలేవు," అన్నారు. ఆ రోజు బస్సులో తిరిగొస్తూ చాలా రోజుల తర్వాత నాకు ఆకలి వేసింది.

ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఏ భాగం విప్పినా దాని బోల్టులను దానికే రాగి తీగతో కట్టాలి. కాలిపోయిన మోటార్ల చుట్టలోంచి తీసిన తీగ. బోల్టుల మెడ చుట్టూ తిప్పి, మెలేసి, కొన గుచ్చుకోకుండా లోపలికి మడవాలి. కొత్తలో నేను అన్ని బోల్టులూ ఒకే డబ్బాలో వేశాను. ఆయన ఆ డబ్బాను బల్ల మీద బోర్లించారు.

"పొడుగు బోల్టు పొట్టి సందుల వెడితే ఏమైతది?"

"పట్టదు."

"పడ్తది! గదే కష్టం. పడ్తది, నువ్వు తిప్పుతవు, లోపల కేసు పగుల్తది. గా కేసు మల్ల దునియాల యాడ దొర్కదు. మొగుడు పెండ్లాలను ఇడదీసినా గింత పాపం లేదు, పార్టును దాని బోల్టును..."

అక్కడ ఆగిపోయారు. ఎవరితో అంటున్నారో గుర్తొచ్చింది. తీగ చుట్ట నా ముందుకు జరిపి బయటికి వెళ్లిపోయారు.

సాయంత్రాలు పనివాళ్లు చాయ్ తాగడానికి దుకాణం ముందు చేరేవాళ్లు. వాళ్లలో పెద్దవాడు యాదగిరి. ఎవడైనా గార్డు ఊడగొట్టిన మిషను తెస్తే, "ఏందిరా, మల్లేశమోలె జేస్తవా?" అనేవాడు. నేను వింటున్నానని తెలిస్తే నాలుక కరుచుకునేవాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా ఖలీల్ సాబ్ ఏదో ఒక మిషను తాడు లాగి స్టార్టు చేసేవారు. ఆ మోతలో మాటలు వినబడేవి కావు. నాకోసమే అలా చేస్తున్నారని ఎంత నమ్మానో.

మల్లేశం చేతిలో ఉన్న మిషనును ఆయన వెనక్కి తెచ్చి, గోనెసంచిలో చుట్టి బల్ల కింద పెట్టారు. గజ్వేల్ దగ్గర ఫామ్‌హౌస్ ఉన్న ఒక ఆసామి పాత యంత్రాలు కొని అద్దాల బీరువాల్లో పెట్టుకునేవాడు. దానికోసం పదేపదే అడిగాడు. ఈయన ఇవ్వలేదు. మల్లేశం మీద గౌరవం అనుకున్నాను.

అత్త పోయింది. చివరి వారంలో కూడా ఫోటో వైపు చూసి, "ఇనకపోతివి," అన్నది. ఆ తర్వాతి ఎండాకాలం, ఒక మధ్యాహ్నం, వేరే మిషనుకు బోల్టు వెతుకుతూ అటక మీది డాల్డా డబ్బా దించాను. అడుగున ఒక గార్డు ఉంది. ఆకుపచ్చ రేకు. అంచుకు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంది. మణికట్టుకు ఒరుసుకుంటోందని మల్లేశం అంటే ఆ ట్యూబును ఇంట్లో కత్తెరతో కోసింది నేనే. సరిగ్గా రాలేదని అతను నవ్వాడు కూడా. ఆ వంకర కోత అలాగే ఉంది. రేకు ఎక్కడా వంగలేదు. సుత్తి దెబ్బ లేదు. రెండు బోల్టులూ గీత పడకుండా ఉన్నాయి. వాటి మెడ చుట్టూ రాగి తీగ, కొన లోపలికి మడిచి ఉంది.

ఊడగొట్టినవాడు బోల్టులు కట్టిపెట్టడు. అలా కట్టే చేయి ఈ దుకాణంలో నేను రాకముందు ఒక్కటే.

ఖలీల్ సాబ్ నమాజుకు వెళ్లి వచ్చేసరికి అది బల్ల మీద పెట్టి కూర్చున్నాను. చూశారు. టోపీ తీసి మడిచి జేబులో పెట్టుకున్నారు.

"నువ్వు తీసినవా సాబ్?"

"నేనే."

"ఎందుకు?"

"గజ్వేల్ ఆయన చూస్తనన్నడు. కంపెనీల కెల్లి ఎట్ల వచ్చిందో అట్లనే ఉండాలె, ఎనుక అతికించింది ఏది ఉండొద్దన్నడు. తీసిన. ఆయన చూసి, పొద్దుగాల వచ్చి తీస్కపోత అని పోయిండు. గప్పుడే మల్లేశం వచ్చిండు. ఒక్కటే చెట్టు సాబ్ అన్నడు." రేకు అంచుకున్న ట్యూబు ముక్కను వేలితో తాకారు. "గార్డు ఏదని అడిగిండు."

"అడిగిండా?"

"అడిగిండు బిడ్డా. మల్ల బిగించుడు, మల్ల విప్పుడు, పిడికి గీతలు పడ్తయనుకున్న. ఒక్క చెట్టే గదా, తీస్కపో అన్న."

"మా అత్త రోజూ ఫోటోను తిట్టింది సాబ్."

"తెల్సు."

"నీకెట్ల తెల్సు?"

"మీ ఇంటి ముంగట కెల్లి పోతుంటే ఇనవడేది."

ఏడవలేదు నేను. ఒక్కటే అడిగాను. పనివాళ్లందరూ ఉన్నప్పుడు నలుగురిలో చెప్పాలని. "చెప్త," అన్నారు. మరుసటి సాయంత్రం వాళ్లు చాయ్ తాగుతుంటే లేచి నిలబడ్డారు. "అరే, ఒక్క మాట ఇనున్రి," అన్నారు. అందరూ చూశారు. నేను పానా కింద పెట్టాను. "పెట్రోల్ల నూనె తక్కువ కల్పుతున్నరు మీరు. ఇంజన్లు పట్టేస్తున్నయి," అని కూర్చున్నారు. తర్వాత ఎన్ని సాయంత్రాలు వచ్చినా ఆ మాట రాలేదు. నేను మళ్లీ అడిగితే తల ఊపేవారు. ఎన్నిసార్లు అడుగుతావని ఒకసారి కసురుకున్నారు కూడా. దుకాణం మానేద్దామనుకున్నాను. మానలేదు. నాకు వచ్చిన పని అదొక్కటే, అదీ ఆయన నేర్పిందే.

జబ్బు చేసి దవాఖానలో పడ్డప్పుడు చూడటానికి వెళ్లాను. ఆయనకు పిల్లలు లేరు. "దుకాణం ఇగ నువ్వే నడుపు బిడ్డా," అన్నారు.

"నువ్వు చెప్పాల్సింది గది కాదు సాబ్."

మొహం గోడ వైపు తిప్పుకున్నారు. ఆ గోడ వైపు ఉండగానే పోయారు. ఖబరస్తాన్ నుంచి వచ్చినవాళ్లు దుకాణం ముందు నిలబడి, మల్లేశం పెండ్లానికి బతుకుదెరువు చూపిన దేవుడు అని ఆయన్ను మెచ్చుకున్నారు. నేను షట్టరు దించి తాళం వేశాను.

నన్ను పిలిచింది దయతోనో, భయంతోనో, చేసింది తీర్చుకుందామనో నాకు ఈనాటికీ తెలియదు. మూడూ కావచ్చు. ఇచ్చింది నిజమే. కానీ ఇవ్వవలసింది ఒక్క వాక్యం. అది ఉంటే మా అత్త కొడుకును తిట్టకుండా పోయేది. పని నేర్పడం ఆయనకు ఆ వాక్యం కంటే సులువైంది.

గోనెసంచి విప్పి ఆ మిషనును నేనే బాగుచేశాను. అసలు రంగు ఎక్కడుందో గోకి చూసి అదే వేశాను. గార్డును దాని బోల్టులతోనే బిగించాను, ట్యూబు ముక్క అలాగే ఉంచాను. గల్లా పక్క గోడకు మేకు కొట్టి వేలాడదీశాను. గజ్వేల్ ఆసామి మనిషిని పంపితే ఇవ్వనన్నాను. సాయంత్రం పనివాళ్లు వచ్చినప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పాను.

యాదగిరి అన్నాడు. "పోయినాయన మీద గిప్పుడెందుకు వదినా గీ మాట? మంచిగుంటదా?"

"మల్లేశం బతికున్నడా యాదగిరీ?"

అతను చాయ్ గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు. మిగతావాళ్లూ లేచారు. వాళ్లు ఇప్పటికీ మిషన్లు తెస్తారు, నా దగ్గరే బాగుచేయించుకుంటారు. ఆ గోడ వైపు మాత్రం చూడరు.

నిన్న వచ్చిన చిన్నకోడూరు అతనికి అదంతా తెలియదు. నేను పక్క మూతకు దాని బోల్టులు పెట్టి, రాగి తీగ చుట్టి, కొన లోపలికి మడుస్తుంటే వింతగా చూశాడు.

"గిట్ల కట్టుడు ఎవరు నేర్పిన్రు అక్కా?"

"ఆ గోడకున్న మిషను చూసినవా? దాని గార్డు తీసినాయన," అన్నాను.