గాజుల చెయ్యి గుర్తు

మా చిన్నతనంలో పళ్లపొడిని బొమ్మ చెప్పి అడిగేవారు... ఎనభైల తొలినాళ్లు. నరసరావుపేటలో మా వీధి చివరి చిల్లర కొట్టు ముందు నిలబడి ఆడవాళ్లు "గాజుల చెయ్యి పొట్లం ఒకటియ్యి" అంటే చాలు, కొట్టతను మారుమాట లేకుండా ఒక నల్లపొడి పొట్లం తీసి ఇచ్చేవాడు.

పసుపుపచ్చ కాగితం మీద ఎర్రసిరాతో ఒక ముంజేయి... దానికి నిండుగా గాజులు, పిడికిట్లో రోకలి, కింద రోలు. అంతే. అక్షరమన్నది లేదు.

ఆ చెయ్యి మా పక్కింటి హుస్సేన్‌బీ అత్తది. ఊహించి గీసింది కాదు. ఆమె నల్లగా మాడ్చిన కరక్కాయ, పటిక, లవంగం, ఉప్పు రోట్లో పోసి దంచుతుంటే, అచ్చులు చెక్కే వడ్రంగి తాత ఎదురుగా పీట వేసుకుని, చూస్తూ చెక్కాడట. దంచిన పొడిని ఆమె పలుచని గుడ్డలో మూడుసార్లు జల్లించేది. వస్త్రగాళితం అంటే ఏమిటో నాకు గ్రంథాలలో కన్నా ముందు ఆ అరుగు మీదే తెలిసింది. ఆమె భర్త సైదా మామ పొట్లాలను సైకిలుకు కట్టుకుని గురజాల, మాచర్ల సంతలకు తిరిగేవాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పొడి మీదనే...

మా నాన్నగారు తెలుగు పండితులు. పూర్వం యుద్ధభూమిలో ధూళి కమ్మి మనిషి కానరాకపోయినా, ధ్వజం మీది చిహ్నాన్ని బట్టి రథికుణ్ణి పోల్చుకునేవారని మాకు చెబుతూ, "సైదా, నీ పొట్లం మీదున్నదీ అట్లాంటి ధ్వజమేనయ్యా" అని మురిసిపోయేవారు. నిజమే. ఈ పొడి చేత్తో దంచింది, దంచింది ఒక కష్టజీవి, కొనవలసినదీ అటువంటి చేతులున్నవారే... ఇంత అర్థాన్ని ఆ బొమ్మ నోరు విప్పకుండా ధ్వనించేది.

ఒకనాడు చిలకలూరిపేట నుంచి ఒక టోకు వ్యాపారి వచ్చాడు. ఈ పొడిని గుంటూరు, విజయవాడ కొట్లలో పెట్టిస్తానన్నాడు. అయితే రోలూ గాజులూ పట్నంవారి కంటికి మోటుగా ఉంటాయట, బొమ్మకు కొంచెం నాగరికత నేర్పాలట! సైదా మామ సంబరపడిపోయి, ఆయన చాపిన కాగితాల మీద చదవకుండానే సంతకం పెట్టాడు. చెక్క అచ్చు కూడా ఇచ్చి పంపాడు.

నెల తిరగకుండా నిగనిగలాడే కొత్త కాగితాలు వచ్చాయి. రోకలి ఉంది. చెయ్యీ ఉంది... సన్నని, తెల్లని చెయ్యి. గాజులు ఉండవలసిన చోట చేతిగడియారం ఉంది.

పట్నంలో ఆ పొట్లాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఇక మాచర్ల సంతలో, మిరపకోతలకు పోయే ఒక ముసలమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సైదా మామను సూటిగా అడిగిందట. "ఏందయ్యా ఇది? గడియారం పెట్టుకున్నది రోకలి పట్టుద్దా?"

"టైము చూసుకుని దంచుద్దేమోలే అత్తా" అని పక్కామె అందుకునేసరికి చుట్టూ ఉన్నవారంతా నవ్వారట. లోపలున్నది అదే పొడి అని ఆయన ఒట్టు పెట్టినా ఒక్కరూ నమ్మలేదు.

ఈ సంగతి విన్న వ్యాపారి, పల్లెటూరి మొద్దులకు ఏం తెలుసునన్నాడు. నలభై ఏళ్లు దాటినా ఆ మాటకు నా ఒళ్లు మండుతూనే ఉంది. మొద్దులు ఎవరు? అక్షరం రాని ఆ స్త్రీలు బొమ్మను చదివినంత నిశితంగా, పద్యాన్ని చదివిన పండితులను కూడా నేను కొద్దిమందినే చూశాను.

సైదా మామ తల పట్టుకుని కూర్చున్నాడు. హుస్సేన్‌బీ అత్త కూర్చోలేదు. వడ్రంగి తాత చేత పాత బొమ్మనే మళ్లీ చెక్కించి, చిన్న రోలును బస్సు మీదికెక్కించి మాచర్ల వెళ్లి, సంత నడుమ అందరూ చూస్తుండగా దంచింది. ఆడవాళ్లు మూగారు. ఒకామె ఆ ముంజేతిని పట్టుకుని చూసి, పొట్లం మీది చేతిని చూసి, రెండు పొట్లాలు కొన్నదట. మూడు వారాలలో అమ్మకం పుంజుకుంది.

నాలుగో వారం వకీలు నోటీసు వచ్చింది. నాన్నగారే చదివి చెప్పారు. రోకలి పట్టిన ఆ చెయ్యిని, పాతదైనా కొత్తదైనా, సైదా మామ ఆనాటి సంతకంతో వ్యాపారికి రాసిచ్చేశాడట, ఆయన దాన్ని తన పేర రిజిస్ట్రేషనుకూ పెట్టాడట. ఆ గుర్తుతో మరెవరూ పొడి అమ్మరాదు.

అత్త నెమ్మదిగా అడిగింది.

"అన్నయ్యా, చెయ్యి నాది గదా?"

"నీదేనమ్మా... కాగితాల మీద ఆయనది."

"అయితే ఆయన్నే వచ్చి దంచమను."

ఎన్నో సభలలో వాదించి గెలిచిన నాన్నగారు ఆ మాట విని, మర్నాడే ఒక వకీలును కలిశారు. న్యాయం మనవైపే ఉంది గానీ మద్రాసు దాకా తిరగాలి, ఏళ్లు పడుతుంది అన్నాడాయన. కోర్టు మాట వినగానే సైదా మామ బెదిరిపోయాడు. ఏడాదిపాటు బొమ్మ లేని పొట్లాలు అమ్మారు. కొట్టు అరల్లో వాటిని పోల్చుకునేవారు లేకపోయారు. ఆ తర్వాత అత్త మిరపకాయలకు తొడిమలు తీసే కూలికి వెళ్లింది.

వ్యాపారి ఏం చేశాడో తెలుసా? మోటుగా ఉందన్న ఆ పాత బొమ్మనే అచ్చు వేయించి, లోపల రంగు కలిపిన సుద్దపొడి నింపి, అవే సంతలలో ఏళ్ల తరబడి అమ్ముకున్నాడు! నమ్మకం ఆమెది, అనుభవించింది అతను... దీనికి వ్యాపారమని పేరు.

ఇప్పుడు ఏ దుకాణంలో చూసినా పొట్లాల మీద రోళ్లు, తిరగళ్లు, బోసినవ్వుల అవ్వలు. ఆ అవ్వది ఏ ఊరు, ఆ తిరగలి ఎవరింటిది అని అడిగితే చెప్పేవాడు లేడు... అడిగేవాళ్లమూ లేము.

మీ ఊళ్లో ఏ గుర్తు వెనుకనైనా నిజంగా ఒక మనిషి ఉండేవారని మీకు తెలిస్తే, దయచేసి వారి పేరును ఈ కథనం కింద రాయండి. పొట్లం మీద ఎవరూ రాయలేదు.