చివరిదాకా చదవని నవల

మా ఏడింటి బండిలో ఇంద్రాణిని ఎరగనివాళ్ళు లేరు. తిరుత్తణిలో ఎక్కి తిరువళ్ళూరులో దిగేలోగా, ఆడవాళ్ళ పెట్టెలో ఎవరికి ఏ పుస్తకం కావాలో తేల్చేస్తుంది. ఉద్యోగమేమో ఒక వకీలు దగ్గర టైపు కొట్టడం. సంచిలో అన్నం డబ్బాకు చోటుండదు, పుస్తకాలకు మాత్రం ఎప్పుడూ ఉంటుంది.

"మనసెట్లుండాది?" అని మొదట అడుగుతుంది. "నవ్వాలా, ఏడవాలా, ఊరికే పొద్దు పోవాలా?" అని తర్వాత. చెప్పింది నమ్మదు, మొహం చూస్తుంది. నేను మా ఆడబిడ్డతో మాటలు మానేసిన వారంలో, నవ్వించేది ఇమ్మంటే వినకుండా ఒక హత్యల నవల చేతిలో పెట్టింది. నిజం చెప్పొద్దూ, ఆ వారం నాకు కావలసింది అదే.

ఆమెకొక నియమం. తాను చివరి పేజీ దాకా చదవనిది ఎవరికీ ఇవ్వదు. మా బండిలోనే వచ్చే జీవిత అనే పిల్ల విషయంలో ఆ నియమం మరీ గట్టిది. జీవిత అత్తిమంజేరిపేటలో ఒక నేతవాళ్ళ ఇంటి కోడలు. తిరువళ్ళూరు బట్టల కొట్టులో పని. ఐదు నెలల కిందట ఆమెకు బిడ్డ పుట్టి మూడో రోజే పోయింది. మళ్ళీ పనిలోకి వచ్చినప్పటి నుంచి ఇంద్రాణి ఆ పిల్లకు పెళ్ళి సందడులు, వంటింటి తగాదాలు ఉన్న కథలే ఏరి ఏరి ఇచ్చేది. చావు ఉన్న పుస్తకాన్ని ఆమె కంటపడనిచ్చేది కాదు.

మొన్న శుక్రవారం జీవిత తెలుగు పుస్తకం అడిగింది. మేమంతా ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ చదువుకున్నది తమిళ బడుల్లో.

"నాకు తెలుగు చదవను రాదక్కా. మా అత్తకొస్తాది. సాయంత్రం మగ్గం దిగినాక చదివి వినిపిస్తానంటా ఉంది."

బిడ్డ పోయాక ఆ అత్తాకోడళ్ళు అవసరానికి మించి మాట్లాడుకోవడం లేదని మాకందరికీ తెలుసు. అందుకే ఇంద్రాణి సంబరం ఇంతా అంతా కాదు. వాళ్ళ నాన్న దాచుకున్న పాత తెలుగు నవల ఒకటి సంచిలోనే ఉంది. తెలుగు ఆమె కూడబలుక్కుని చదువుతుంది. రెండు నెలలైనా సగం దాటలేదు. ఆ సగమంతా నవ్వులే కదా అని ఇచ్చేసింది.

ఆదివారం పట్టాభిరామ్ నుంచి ఇంద్రాణికి వాళ్ళన్న నటరాజన్ ఫోన్ చేశాడు. మాటల్లో ఆ నవల సంగతి వచ్చింది.

"దాంట్లో కడాన పసిబిడ్డ చచ్చిపోతాది గదమ్మా. నాయన అది చదివిన దినం అన్నం గూడా తినలేదు" అన్నాడు.

ఇంద్రాణి వెంటనే జీవితకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఆ రోజంతా అంతే. సోమవారం ప్లాట్‌ఫాం మీదా ఆమె జాడ లేదు. బండి వచ్చింది, వెళ్ళిపోయింది. మేమిద్దరం ఎక్కలేదు.

"నువ్వూ రా. ఒంటిగా పోను భయంగా ఉండాది" అంది ఇంద్రాణి.

అత్తిమంజేరిపేట మీదుగా పోయే పళ్ళిపట్టు బస్సు ఎక్కాం. "ఆ పిల్ల ఏమన్నా చేసుకునుంటే?" అని దారిలో రెండుసార్లు అడిగింది. నోరు మూసుకోమని కసిరాను. నాకు మాత్రం భయం లేదా?

వీధంతా మగ్గాల చప్పుడు, ఆ ఇంట్లో తప్ప. తలుపు తీసింది జీవిత అత్త సరసమ్మ. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో నవల.

"ఈ పుస్తకం ఇచ్చింది నువ్వేనా?"

"నేనేనమ్మా. కడదాకా చదవకుండా ఇచ్చేసినాను. తప్పైపోయింది. జీవిత యాడ?"

"లోపలుంది. నిన్నంతా ఏడిచినాము, ఇద్దరమూ." అంది సరసమ్మ. "బిడ్డ పోయే తావు వచ్చినాక నాకు నోరు పెగల్లేదు. ఏమత్తా, నిలిపేసినావని అడిగింది. ఇంకెట్ల దాచేది? మా గోకుల్‌కి ముందర నాకొక ఆడపిల్ల పుట్టి పోయిందమ్మా. ముప్పై ఏండ్లైంది. కన్నకొడుక్కి గూడా ఆ మాట చెప్పలేదు నేను."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపలి నుంచి జీవిత వచ్చి అత్త భుజం పట్టుకుని నిలబడింది. మొహం ఉబ్బిపోయి ఉంది. ఇంద్రాణి ఆమెకు దండం పెట్టబోయింది.

జీవిత ఆ చేతులు పట్టుకుంది.

"మీరిచ్చినవన్నీ చదివినానక్కా. ఒక్కదాంట్లో గూడా బిడ్డ పోలేదు. లోకంలో నాకొక్కదానికే ఇట్ల జరిగిందనుకున్నాను."

ఇంద్రాణి అరుగు మీద కూలబడి బావురుమంది.