పాజ్‌లో పలికిన అమ్మాయి

2024 ఎండాకాలం. ఆన్‌లైన్ వీడియోల్లో స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పడం మొదలుపెట్టి అప్పటికి మూడేళ్లు. అంతకుముందు నారాయణగూడలో ఒక ప్రైవేటు బడిలో పద్దెనిమిదేళ్లు టీచర్‌ని. బడి మూతపడింది. చిక్కడపల్లిలో మా ఇంట్లోనే రికార్డు చేద్దామంటే కింద మిక్సీ, పైన పిల్లల పరుగులు, వీధిలో ఉల్లిగడ్డల బండి మైకు. చివరికి అశోక్ నగర్‌లో ఒక రెండో అంతస్తు గది కిరాయికి తీసుకున్నాను. చుట్టూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పిల్లలంతా క్లాసుల్లో కూర్చుంటారు గనక ఆ సందు కాస్త నోరు మూసుకుంటుంది. కిటికీకి పాత పరుపు అడ్డం పెట్టి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ కెమెరాను చూసి చల్లగా నవ్వడం నా వృత్తి.

ఈ పనిలో పాజ్ అని ఒకటుంది. తరగతిలో ప్రశ్న అడిగితే ఎవరో ఒకరు జవాబు చెబుతారు. వీడియోలో ఎదురుగా ఎవరూ ఉండరు. అందుకని ప్రశ్న అడిగి, మనసులో అయిదు లెక్కపెట్టుకుంటూ ఊరుకోవాలి. చూసేవాళ్లు ఎక్కడో తమ ఇంట్లో కూర్చుని ఆ అయిదు క్షణాల్లో జవాబు చెప్పుకుంటారు. మనం విన్నట్టే కనుబొమలెత్తి, తలాడించి, "వెరీ గుడ్" అనాలి. ఎవరేం చెప్పారో తెలియకుండానే మెచ్చుకోవడమన్నమాట. మొదట్లో నాకే నవ్వొచ్చేది, తర్వాత అలవాటైపోయింది.

ఎడిటింగ్ కూడా నేనే చేసుకుంటాను. కంప్యూటర్‌లో నా గొంతు ఎత్తుపల్లాల గీతలా కనిపిస్తుంది, పాజ్ వచ్చిన చోట గీత చదునుగా ఉంటుంది. అక్కడ మాటే లేనప్పుడు వినడానికేముంది? దాటేసి ముందుకు పోయేదాన్ని. మూడేళ్లలో ఒక్క పాజ్ కూడా నేను వినలేదు.

ఆ వేసవిలో ఒకాయన కామెంట్ పెట్టాడు. "మేడం, పధ్నాలుగో పాఠంలో మీ వెనకాల ఎవరున్నారు?" ఎవరూ లేరని రాశాను. రెండు రోజులకు ఇంకొకావిడ, సరిగ్గా ఎన్నో నిమిషమో కూడా రాసి, అదే అడిగింది. మూడో కామెంట్ చూసేసరికి నాకు చిరాకెత్తింది. "మీరడిగిన ప్రతిదానికీ ఎవరో జవాబు చెబుతున్నారు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి మేడం."

సరే, విందామని కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నం, తలుపు వేసి ఉంది. అది రెండేళ్ల కిందట అదే గదిలో తీసిన పాఠం. తెర మీద నేను నవ్వుతూ అడిగాను. "వాట్ ఈజ్ యువర్ నేమ్?" తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం లోపల, బావి అడుగు నుంచి వచ్చినంత సన్నగా, ఒక ఆడపిల్ల గొంతు.

"మై నేమ్ ఈజ్ మంజుల."

తెర మీద నేను తలాడించాను. "వెరీ గుడ్."

ఇయర్‌ఫోన్స్ తీసి గదంతా చూశాను. బల్ల, కుర్చీ, కిటికీకి పరుపు, అంతే. మళ్లీ పెట్టుకుని మిగతా పాఠాలు వరసగా విన్నాను. తొమ్మిదో పాఠం నుంచి ఉంది ఆ పిల్ల. ముందు నా మాటే తిరిగి పలికేది. పధ్నాలుగులో పేరు చెప్పింది. ఇరవైలో "ఐ లివ్ ఇన్ అశోక్ నగర్" అంది. ముప్ఫై ఒకటిలో మీ అమ్మ ఏం చేస్తుందని అడిగితే "మై మదర్ క్యారీస్ బ్రిక్స్" అంది. ఒక పాఠంలో చేసిన తప్పు తర్వాతి పాఠంలో ఉండేది కాదు. నా క్లాసులో అంత శ్రద్ధగా నేర్చుకున్న పిల్లను నేనెప్పుడూ చూడలేదు. అసలు ఈమెను చూస్తే కదా!

నలభై మూడో పాఠం తర్వాత గొంతు లేదు. నేను అడుగుతున్నాను, ఆగుతున్నాను, ఏమీ లేదు. నిజం చెబుతున్నాను, గొంతు విన్నప్పటికంటే ఆ ఖాళీ పాజ్‌లు విన్నప్పుడు ఎక్కువ భయమేసింది.

భయం నా దగ్గర ఎక్కువసేపు నిలవదు, కోపంగా మారిపోతుంది. మారడానికి కారణం కూడా దొరికింది. ఎవడో ఆ "మై నేమ్ ఈజ్ మంజుల" ముక్క కత్తిరించి, వెనకాల దయ్యాల సినిమా మ్యూజిక్ పెట్టి, "దయ్యం ఇంగ్లీష్ క్లాస్" అని రీల్ చేసి వదిలాడు. ఇంటి ఓనరు గారు మెట్లెక్కి వచ్చి, "మా బిల్డింగుకు పేరు పోతది మేడం, జర చూడండి" అన్నారు. ఇక ఆగలేదు. ఆ రీల్ మీద కంప్లయింట్ పెట్టి తీయించేశాను. పాఠాలన్నిట్లో ప్రతి పాజ్‌నూ మ్యూట్ చేశాను, అంటే అక్కడ చిన్న చప్పుడు కూడా మిగలకుండా తుడిచేశాను. ఒకసారి ఎక్కించిన వీడియోను తీసి దాని స్థానంలో ఇంకొకటి పెట్టడం కుదరదు. పాతవి డిలీట్ చేసి, శుభ్రం చేసినవి కొత్తగా ఎక్కించాను. హార్డ్ డిస్క్ నిండిపోయిందని రా ఫైళ్లు, అంటే కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైళ్లు కూడా తీసిపారేశాను. వారం రోజుల చాకిరీ. పీడ విరగడైందని చేతులు దులుపుకున్నాను.

పది రోజులకు ఒక మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. నలభై అయిదేళ్లుంటాయి. చీర కుచ్చిళ్లకు సిమెంటు దుమ్ము. లోపలికి రమ్మంటే గడప దగ్గరే నిలబడింది.

"గీ ఇంగ్లీషు పాఠాలు జెప్పే మేడం మీరేనా అమ్మా?"

"నేనే. ఏం కావాలమ్మా?"

"నా పేరు బాలమ్మ. మాది మహబూబ్‌నగర్ దిక్కు. గిప్పుడు ముషీరాబాద్‌ల పని జేస్తున్నం. మా మంజుల గొంతు మీ వీడియోలల్ల ఉన్నదట గద?"

ఆమె నా వెనక ఉన్న కిటికీ వైపు చెయ్యి చూపించింది.

"గా బిల్డింగు కట్టేటప్పుడు గీ గోడెన్కనే ఉన్నం. పదో తరగతి దాక సదివింది మా పోరి. నేను, ఆళ్ల నాయిన పనికి వోతె సిమెంటు బస్తాలకు కావలుండేది. రొండేండ్లయె, డెంగీ జెరమొచ్చి తొమ్మిది దినాలల్ల పోయింది."

అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఇప్పుడు పక్కన హాస్టల్ ఉన్న చోట రెండేళ్ల కిందట ఇంకా గిలాబు, అంటే సిమెంటు పూత కూడా వేయని ఇటుక గోడలు ఉండేవి. రెండు గోడల మధ్య జానెడు సందు. గోడలకు చెవులుంటాయని వందసార్లు అన్నదాన్ని, పరుపు అడ్డం పెట్టుకుంటే అవతల మనుషులే లేరనుకున్నాను.

"మా మేస్త్రి ఫోన్ల ఇన్నమ్మా. ఏదో దయ్యాల పాట వెట్టిండ్రు, అయినగాని మా పోరి గొంతు నాకు తెల్వదా? మల్ల జూపియ్యుమంటె లేదన్నడు, తీసేసిండ్రట." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఫోటువ ఉన్నది. గొంతు లేదు. మాది బటన్ల ఫోను, గండ్ల ఏం రికాడు గాలె. గొంతెట్లుండెనో దినాం ఇంత మర్సిపోతున్నమ్మా. ఒక్కపారి ఇనిపియ్యుండ్రి."

తీసేసింది నేనేనని చెప్పాను. చెప్పక ఎలా? ముప్ఫై అయిదు పాఠాల్లో ఉన్న గొంతును ఒక్కొక్క పాజే వెతికి వెతికి తుడిచేశానని చెప్పాను. ఆమె తిట్టలేదు. గడప మీద కూర్చుండిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఉన్న డబ్బాలన్నీ నేల మీద గుమ్మరించాను. కంప్యూటర్‌లో లేదు. పెన్‌డ్రైవుల్లో లేదు. పాత కెమెరా సంచీ అరలో ఒక మెమొరీ కార్డు దొరికింది. అందులో ముప్ఫై ఎనిమిదో పాఠం ఉంది. మధ్యలో కింది వాళ్ల కుక్కర్ కూత పడి చెడిపోయిందని పక్కన పడేసి, అదే పాఠం రెండోసారి తీశాను. చెడిపోయింది గనకే ఎక్కించలేదు, ఎక్కించలేదు గనకే తుడవలేదు.

బాలమ్మ చెవులకు ఇయర్‌ఫోన్స్ నేనే పెట్టాను. తర్వాత ఒకటి తీసి నా చెవికి పెట్టుకున్నాను. ఆ పాఠం ప్రశ్నలు అడగడం గురించి. తెర మీద నేను అన్నాను. "ఇప్పుడు మీ వంతు. నన్ను ఏదైనా ఒక ప్రశ్న అడగండి."

గోడ అవతలి నుంచి ఆ పిల్ల కాస్త గట్టిగానే అడిగింది.

"మేడం, కెన్ యూ హియర్ మీ?"

తెర మీద నేను అయిదు లెక్కపెట్టి, చక్కగా నవ్వి, "వెరీ గుడ్!" అన్నాను.

బాలమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మంజులే అమ్మా. మంజులే. ఏమడిగింది?"

"మేడం, నేను మాట్లాడేది మీకు వినబడుతోందా అని అడిగింది."

"మరి ఇనవడ్డదా?"

"లేదమ్మా."

"నాకు ఇనవడేది," అంది ఆమె. "పనికెల్లి వచ్చెటాల్లకు గోడకు మొకం వెట్టి గొనుగుతుండేది. ఎవలతోని మాట్లాడుతున్నవే, పిచ్చి లేసిందా అని ఒక దినం కొట్టిన గూడ. మేడం తోని అన్నది. నేను నమ్మలే."

ఇద్దరం ఏడ్చాం. తర్వాత ఆమె ఇంకోసారి పెట్టమంది. సాయంత్రం దాకా పెడుతూనే ఉన్నాను. ఆ గొంతును మేస్త్రి ఫోన్‌లోకి, ఆమె కోసం కొన్న ఒక చిన్న పాటల డబ్బాలోకి ఎక్కించి ఇచ్చాను. తుడిచేసిన దానికి అది ఏమాత్రం బదులు కాదని నాకు తెలుసు.

ఇరవై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాక నేను నేర్చుకున్నది ఒక్కటే. జవాబు వినే ఓపిక లేనివాళ్లు ప్రశ్న అడగకూడదు. ఇప్పుడు ఎడిటింగ్‌కు కూర్చుంటే నా మాటలకంటే ముందు పాజ్‌లు వింటాను. కిటికీకి పరుపు తీసేశాను. పక్క హాస్టల్లో వంట చేసే ఇద్దరు ఆడవాళ్లు మధ్యాహ్నం గిన్నెలు కడుక్కుని వచ్చి కెమెరా వెనక కూర్చుంటారు, జవాబులు చెబుతారు. వాళ్ల గొంతులు వీడియోలో పడతాయి. వెనకాల ఎవరు మేడం అని కామెంట్లు వస్తూనే ఉంటాయి. ఒక్కొక్కరికీ ఆ ఇద్దరి పేర్లు రాస్తాను.