సగం కరెంటు గాలి

వరంగల్ చౌరస్తాలో కరెంటు సామాన్లమ్మే మామ ఒకాయన ఉండేవాడు. పరదేశం పోయేవాళ్లెవరొచ్చినా, ఆ దేశపు కరెంటును ముందు తన దుకాణంలోనే పుట్టించి చూపేవాడు. అందుకోసం ఒక ట్రాన్స్‌ఫార్మర్ తానే చుట్టి పెట్టుకున్నాడు.

ఎనభైలలో ఓ ఎండాకాలం, కేసముద్రం ఖాలమ్మ హజ్‌కు బయల్దేరుతూ తన టేబుల్ ఫ్యాను ఎత్తుకొచ్చింది.

“ఇది లేకుంటే నాకు నిద్ర రాదు బిడ్డా. నిద్ర లేకుంటే అక్కడ అంత దూరం ఎట్ల నడుస్త?”

“అక్కడ కరెంటు మనదాంట్ల సగమే ఖాలమ్మా. దాన్ని పెంచే కన్వర్టర్ కొనాలె. మేకపిల్లంత బరువుంటది.”

“మేకపిల్లయితే నడిపించుకుంటనన్న పోదును.”

“ఫికర్ జెయ్యకు. ముందు సగం కరెంటుల ఎట్ల తిరుగుతదో చూద్దాం.”

మామ మీట తిప్పాడు. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టగలిగేంత మెల్లగా తిరిగాయి. ఆ గాలికి ముందు ఖాలమ్మ, తర్వాత మామ, దుకాణంలో పనికున్న నేను, బయట రిక్షావాళ్లు, చివరికి గోడ గడియారం కూడా కునుకు తీశాం. నమ్మకపోతే మీ ఇష్టం.

అందరికన్నా ముందు ఖాలమ్మ లేచి కొంగు సర్దుకుంది.

“గిట్ల మెల్లగ తిరిగితేనే మంచిగున్నది. కన్వర్టర్ వద్దు బిడ్డా, అక్కడి గోడకు పట్టే ప్లగ్గు ఒక్కటియ్యి.”

మామ ఇంకా నిద్రలోనే ఉన్నాడు. కళ్లు తెరవకుండానే అరలోకి చెయ్యి చాపి, సరైన ప్లగ్గు తీసి ఆమె చేతిలో పెట్టాడు.